ఒకే వరుసలో మంచు, ఉప్పుగాలి
కాంక్రీటు మరమ్మతు సలహాలపై ఒక విమర్శ

జువ్వలదిన్నె నెల్లూరు జిల్లా బోగోలు మండలమున సముద్రపుటొడ్డున ఉన్న ఊరు. రాష్ట్రములో తొలివిడతగా చేపట్టిన నాలుగు మత్స్య రేవులలో ఒకటి ఇచ్చట నిర్మింపబడినది. ఈ తీరమున నీరు గడ్డకట్టునంతటి చలి ఎన్నడును రాదు. పుష్యమాసపు తెల్లవారుజామున కప్పుకొనుటకు ఒక దుప్పటి చాలును. ఐనను ఇటువంటి తీరగ్రామములలో ఇంటి వాకిటి నుండి వీధి వరకు పోసిన కాంక్రీటు దారులు బీటలు వారుచున్నవి, పెచ్చులూడుచున్నవి. కెనడాలో ఆరు నెలలు మంచు క్రింద నుండు ఇంటి దారులును ఇట్లే పెచ్చులూడును. రెండు గాయములును చూపునకు అక్కచెల్లెండ్రవలె ఉండును. రెండింటికిని మందు ఒక్కటియేనా అనునది ప్రశ్న.

ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. ఇంటివారు స్వయముగా కాంక్రీటును బాగుచేసికొనుటకై వ్రాయబడిన సలహాలలో పెక్కు శీతలదేశములలో పుట్టినవి. అచ్చట కూలి ప్రియము. ప్రతి గృహస్థుడును తాపీ చేతబట్టక తప్పదు. కావున అచ్చటి సలహాలు వివరముగా, నమ్మకము కలుగునట్లు ఉండును. ఆ దేశములలో స్థిరపడిన బిడ్డలు తీరమున నున్న తల్లిదండ్రులకు వానిని చెప్పుటయు సహజమే. అయితే సలహా ఎంత మంచిదైనను, అది ఏ రోగమునకు చెప్పబడినదో తెలిసికొనక వాడిన యెడల మేలు బదులు కీడు కలుగవచ్చును.

ప్రమాణ గ్రంథము ఏమి చెప్పుచున్నది?

మన దేశమున కాంక్రీటు పనికి ఆధారముగా నిలిచిన గ్రంథము భారత ప్రమాణము 456. ఇది మొదట 1953లో వెలువడినది. 1957, 1964, 1978లలో సవరింపబడి, 2000లో నాలుగవ సవరణను పొందెను. ఆ నాలుగవ సవరణలో కాంక్రీటు ఎదుర్కొను పరిసరములను ఐదు తరగతులుగా విభజించు పట్టిక ఒకటి కలదు. వానిని స్వల్పము, మధ్యమము, తీవ్రము, అతితీవ్రము, పరమతీవ్రము అని తెలుగులో చెప్పుకొనవచ్చును. సముద్రతీరపు గాలి తగులు కాంక్రీటు తీవ్రమను తరగతిలో చేరును. అలల తుంపర పడు కాంక్రీటు అతితీవ్రమను తరగతిలో చేరును. ఆటుపోటుల మధ్య నిలుచు భాగములు పరమతీవ్రమున చేరును.

ఇందు ఒక విశేషము గమనింపదగినది. అతితీవ్రమను వరుసలోనే, సముద్రపు తుంపర ప్రక్కనే, తడిసియుండగా గట్టిగా గడ్డకట్టు పరిస్థితియు పేర్కొనబడినది. అనగా హిమాలయములలోని కాంక్రీటు దారియు, అలల తుంపర పడు తీరపు మెట్టును ఒకే వరుసలో కూర్చుండినవి. రెండింటికిని ఆ గ్రంథము విధించు నియమములు ఒక్కటియే: ఇనుప కడ్డీలు గల కాంక్రీటునకు ఘనమీటరుకు కనీసము 340 కిలోల సిమెంటు, నీరు సిమెంటు నిష్పత్తి 0.45కు మించకుండుట, ఎమ్ 35 తరగతి బలము, కడ్డీపై 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర. మేస్త్రీలు ఈ పొరనే కవరింగు అందురు.

ఈ పట్టికలో మెచ్చదగిన గుణము ఒకటి కలదు. అది కట్టడము యొక్క ఖరీదును చూడదు; దానిని తాకు గాలిని, నీటిని మాత్రమే చూచును. కోట్లతో కట్టిన రేవు గోడకును, వేటగాని యింటి మెట్టునకును తుంపర ఒక్కటియైనచో నియమమును ఒక్కటియే. చిన్న పనికి చిన్న జాగ్రత్త చాలునను అలవాటును ఈ పట్టిక నిశ్శబ్దముగా ఖండించుచున్నది. కాని పట్టికకు ఒక లోపమును కలదు. ఎంత జాగ్రత్త కావలెనో అది చెప్పును. శత్రువు ఎవరో చెప్పదు. క్రొత్తగా కట్టువానికి ఈ మాత్రము చాలును. చెడినదానిని బాగుచేయువానికి చాలదు.

మంచు చేయు పని

నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణము సుమారు 9 శాతము పెరుగును. నిండుగా నీరు పోసి మూతబిగించిన సీసా మంచుపెట్టెలో పగులుట విద్యార్థులు ఎరిగినదే. కాంక్రీటులో కంటికి కనబడని సూక్ష్మరంధ్రములు కోట్లకొలది ఉండును. అవి నీటితో నిండి గడ్డకట్టిన యెడల, గడ్డకట్టని మిగిలిన నీరు ఇరుకుదారులలోనికి నెట్టబడి లోపల ఒత్తిడి పుట్టించును. అమెరికాలో టి. సి. పవర్స్ అను శాస్త్రజ్ఞుడు 1945లో ఈ వివరణ నిచ్చెను. తరువాత దానికి మార్పులు చేర్పులు జరిగినను, నీటికి చోటు చూపవలెనను మూలసూత్రము నిలిచియున్నది.

దీనికి విరుగుడు 1930ల నాటి అమెరికా అనుభవమునుండి దొరకినది. కాంక్రీటు కలుపునప్పుడు సబ్బువంటి ఒక ద్రవ్యమును కొద్దిగా చేర్చిన యెడల, ఆవగింజ కంటె ఎంతో చిన్నవైన గాలిబుడగలు దానియంతటను వ్యాపించును. నెట్టబడిన నీరు ఆ బుడగలలోనికి పోయి తలదాచుకొనును. 20 మిల్లీమీటర్ల కంకర వాడు కాంక్రీటులో, తడిసి గడ్డకట్టు పరిస్థితులున్న చోట, సుమారు 5 శాతము గాలి ఉండవలెనని భారత ప్రమాణము 456 కూడ చెప్పుచున్నది. ఇది శీతలదేశపు దారికి ప్రాణము వంటి నియమము.

ఉప్పు చేయు పని

తీరమున కథ వేరు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడునప్పుడు సున్నము పుట్టును. అందువలన కాంక్రీటు రంధ్రములలోని నీరు గాఢమైన క్షారముగా నుండును. దాని పీహెచ్ విలువ 12.5కు పైబడి ఉండును. అట్టి క్షారములో ఇనుముపై అతి పలుచని రక్షణపొర ఏర్పడును. ఆ పొర ఉన్నంతకాలము కడ్డీకి త్రుప్పు పట్టదు. కాంక్రీటును ఇనుమును ఇంతకాలము కలిసి కాపురము చేయుటకు ఈ పలుచని పొరయే ఆధారము.

సముద్రపు గాలిలోని ఉప్పు ఈ పొరకు శత్రువు. ఉప్పులోని క్లోరైడు అయానులు తడి రంధ్రముల వెంట మెల్లగా లోనికి ప్రాకి, కడ్డీని చేరి, ఆ పొరను అచ్చటచ్చట ఛేదించును. ఛేదింపబడిన చోట ఇనుము త్రుప్పుగా మారును. త్రుప్పు తాను పుట్టిన ఇనుము కంటె రెండు మొదలు ఆరు రెట్ల చోటు ఆక్రమించును. లోపలినుండి నెట్టబడిన కాంక్రీటు కడ్డీ వెంట చీలి, చివరకు పెచ్చుగా ఊడిపడును. వేట ఊరిలో ఈ ఉప్పు గాలితో మాత్రమే రాదు. తడి వలలనుండి, చేపల గంపలనుండి, ఉప్పుచేపలు ఆరబెట్టిన చోటనుండి ఉప్పునీరు కాంక్రీటుపై కారుచుండును. ఉత్తరదేశములలో మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. అచ్చటి దారికి మంచు, ఉప్పు ఇద్దరును శత్రువులు. తీరమున శత్రువు ఒక్కడే.

కావున రెండు ఊళ్ళలోను కాంక్రీటు లోపలి ఒత్తిడి చేతనే పగులుచున్నది. ఒకచోట ఆ ఒత్తిడి నీటినుండి పుట్టును. మరొకచోట ఇనుమునుండి పుట్టును. రెండింటిని ఒకే వరుసలో చేర్చిన పట్టిక, తక్కువ నీరు, ఎక్కువ సిమెంటు, బిగువైన కాంక్రీటు రెండింటికిని మేలు చేయునని చెప్పుట వరకు సత్యమే చెప్పినది. ఆ పైని దారులు చీలిపోవును.

అరువు సలహాల పరీక్ష

మొదటి సలహా గాలిబుడగలు. చన్నీటి దేశమున అది తప్పనిసరి. మంచు లేని తీరమున దానివలన ప్రధానమైన ఆ మేలు కలుగదు. పైగా కాంక్రీటులో చేరిన ఒక్కొక్క శాతము గాలికి సుమారు 5 శాతము బలము తగ్గునని ఇంజనీర్ల లెక్క. లేని శత్రువునకై నాలుగవ వంతు బలమును వదలుకొనుట వివేకము కాదు.

రెండవ సలహా త్వరగా గట్టిపడు పొడులు. చలిలో సిమెంటు ఆలస్యముగా గట్టిపడును గనుక, దానిని తొందరపెట్టుటకు కాల్షియం క్లోరైడు వాడుట చిరకాలపు అలవాటు. సిమెంటు తూకములో 2 శాతము వరకు కలుపుట ఉండెడిది. ఈ పద్ధతి కడ్డీలు గల కాంక్రీటునకు ఎంత హానికరమో విద్యార్థులు స్వయముగా లెక్కవేయవచ్చును. 340 కిలోల సిమెంటునకు 2 శాతమనగా 6.8 కిలోలు. తేమలేని కాల్షియం క్లోరైడులో 64 శాతము క్లోరైడు. కావున ఘనమీటరుకు 4.35 కిలోల క్లోరైడు చేరును. కడ్డీలు గల కాంక్రీటులో అన్ని పదార్థములనుండి వచ్చు క్లోరైడు 0.6 కిలోకు మించరాదని 2000 నాటి సవరణ నిర్ణయించినది. ఇది దానికి ఏడు రెట్లు! సముద్రము ఏండ్ల తరబడి చేయు పనిని, ఒక్క పొడిసంచి ఒక్క పూటలో చేసిపెట్టినట్లగును. ఈ కారణమున క్లోరైడు లేని పొడులును నేడు తయారగుచున్నవి. కొనుముందు సంచిపై ఆ మాట ఉన్నదో లేదో చదువవలెను.

మూడవ సలహా పైపూత. నీటిని వికర్షించు మంచి పూతలు ఉప్పునీరు లోనికి పోకుండ కొంతవరకు ఆపగలవు. ఇది రెండు ఊళ్ళకును పనికివచ్చు సలహాయే. కాని పూత రాబోవు ఉప్పును మాత్రమే ఆపును. ఇదివరకే లోన చేరిన ఉప్పును బయటకు తీయలేదు. చెడిన పిదప పూసిన పూత, దొంగ ఇంట దూరిన పిదప వేసిన గడియ.

నాలుగవది అరువు సలహా కాదు. మన ఊళ్ళలోనే వాడుకగా ఉన్నది. బీటపై సిమెంటు పాలు పోయుట, పెచ్చూడినచోట పలుచని సిమెంటు పూత మెత్తుట. చవుక గనుక ఇది అందరికిని ప్రియము. కాని ఇందులో రసాయనశాస్త్రమునకు సంబంధించిన చిక్కు ఒకటి కలదు. త్రుప్పు పట్టుట విద్యుద్రసాయన క్రియ. కడ్డీపై ఒక చోటు ధనధ్రువమై కరుగును. ప్రక్కచోటు ఋణధ్రువమై కరుగక నిలుచును. చెడినచోటు మాత్రము త్రవ్వి క్రొత్త కాంక్రీటు పెట్టిన యెడల, ఆ భాగపు కడ్డీ కరుగుట మానును. ఇంతవరకు అది కరుగుచు ప్రక్కనున్న కడ్డీని కాపాడుచుండెను. ఆ కాపు తొలగగనే ఉప్పుతో నిండిన పాత కాంక్రీటులోని ప్రక్కకడ్డీ తాను కరుగ మొదలిడును. అందుచేతనే అతుకు చెక్కుచెదరకున్నను, దాని చుట్టును క్రొత్త బీటలు వలయమువలె పుట్టుచుండును. ఇంటివారు మేస్త్రీని తప్పుపట్టుదురు. మేస్త్రీ సిమెంటును తప్పుపట్టును. తప్పు లోన మిగిలియున్న ఉప్పుది.

మొదటి ప్రశ్న: లోన ఇనుము ఉన్నదా?

పై చర్చనుండి తేలు సారము ఇది. తీరగ్రామమున కాంక్రీటు దారిని బాగుచేయబూనువాడు బీట ఎంత వెడల్పుగా నున్నదని కాక, లోన ఇనుము ఉన్నదా లేదా అని మొదట అడుగవలెను.

ఇనుము లేని యెడల ఉప్పుకు దారిలో ముఖ్యమైన ఆహారము లేదు. అట్టి దారిలో బీటలకు సాధారణముగా కారణములు మూడు: క్రింది ఇసుక సరిగా దిమ్మిస చేయకుండుట, ఎండగాలులకు కాంక్రీటు త్వరగా ఆరి ముడుచుకొనుట, అతుకు గీతలు విడువకుండుట. ఈ పనిని గృహస్థుడు ధైర్యముగా తానే చేసికొనవచ్చును. వదులైన భాగమును ఉలితో చెక్కి, అంచులు పలుచనగాక నిటారుగా ఉండునట్లు కోయవలెను. మంచినీటితో కడిగి, పైన నీరు నిలువకుండ తడిగా ఉంచవలెను. 50 కిలోల సిమెంటు సంచికి 0.45 నిష్పత్తి చొప్పున 22.5 లీటర్ల నీరు మాత్రమే. ఇసుకలోని తడియు ఇందులో లెక్కయే. మిశ్రమము గట్టిగా నున్నదని మరొక బిందె పోయుట పనిని చెడగొట్టుటయే. చల్లని సాయంకాలము పోసి, గోనెపట్టాలు కప్పి తడుపవలెను. ఎండ, పొడిగాలి గల చోట మామూలు సిమెంటునకు 10 దినములు, బూడిద కలిసిన పొజొలానా సిమెంటునకు 14 దినములు తడుపు మంచిదని ప్రమాణ గ్రంథము చెప్పుచున్నది.

ఇనుము ఉన్న యెడల సుత్తితో మెల్లగా తట్టుచు పోవలెను. గట్టి కాంక్రీటు గంటవలె మ్రోగును. లోన పొర విడిపోయినది గుల్లశబ్దము నిచ్చును. గుల్ల ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉన్న యెడల, కడ్డీ వెనుక కూడ వ్రేలు పట్టునంత లోతు చెక్కి, త్రుప్పును మెరియువరకు గీకి, క్రొత్త కాంక్రీటు నింపవలెను. గుల్ల అంతటను వినబడిన యెడల అతుకులపై ధనము వ్యయము చేయుట వృథా. ఆ దారిని తీసివేసి, కడ్డీ లేకుండ క్రొత్తగా పోయుటయే మేలు. నేలపై పరచిన దారి నేల ఆనికతో నిలుచునది. మనుష్యులు, సైకిళ్ళు, చిన్న బండ్లు తిరుగుటకు దిట్టమైన నేలపై 100 మిల్లీమీటర్ల మందము గల ఉత్త కాంక్రీటు చాలును. 2.4 నుండి 3 మీటర్లకొక చోట మందములో నాలుగవ వంతు లోతున గీతలు కోసిన యెడల, కాంక్రీటు ముడుచుకొన్నప్పుడు ఆ గీతలవెంటనే చీలును. తీరమున అన్నిటికంటె చవుకయైన రక్షణ ఇదియే: ఇనుము అక్కర లేనిచోట ఇనుమును పెట్టకుండుట.

మిశ్రమమునకు గాని తడుపునకు గాని ఉప్పునీరు వాడరాదు. కడ్డీలు గల కాంక్రీటునకు వాడు నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు మించరాదు. సముద్రజలమున అది సుమారు 19,000. ఒడ్డున నున్న బావినీరు నాలుకకు ఉప్పగా తోచిన యెడల దానిని విడుచుటయే క్షేమము. ఇంకొక హెచ్చరికయు అవసరము. ఇంతవరకు చెప్పినది నేలపై నున్న దారికి మాత్రమే. స్తంభములు, దూలములు, మిద్దె కప్పు పెచ్చులూడిన యెడల అది గృహస్థుని తాపీకి లోబడు పని కాదు, ఇంజనీరు చూడవలసినది.

పాఠశాలలో పరీక్ష

ఉపాధ్యాయులు ఈ విషయమును రెండు సీసాలతో చూపవచ్చును. రెండింటిలోను సున్నపు తేట పోసి, అడుగున కొంచెము సున్నము మిగులనీయవలెను. ఒకదానిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు కలుపవలెను. గరుకుకాగితముతో రుద్దిన, జింకు పూతలేని ఇనుప మేకు నొకదానిని ఒక్కొక్క సీసాలో వేసి, పైన కొంత గాలి ఉండునట్లు మూతబెట్టవలెను. కొన్ని దినములకు ఉప్పులేని సీసాలోని మేకు మెరయుచునే ఉండును. ఉప్పుకలిసిన సీసాలోని దానిపై చుక్కచుక్కలుగా త్రుప్పు కనబడును. క్షారము తగ్గలేదు, ఐనను రక్షణ పోయినది.

ఊడిన పెచ్చు క్రొత్తగా విరిచిన ముఖముపై ఫినాల్ఫ్తలీను చుక్క వేసిన యెడల, క్షారము మిగిలిన భాగము గులాబిరంగు పొందును. బొగ్గుపులుసు వాయువు చేరి క్షారము నశించిన భాగమునకు రంగు రాదు. ఈ పరీక్షను గూర్చి కూడ ఒక విమర్శ అవసరము. గులాబిరంగు వచ్చినంత మాత్రమున కడ్డీ క్షేమమని తలపరాదు. తీరపు పెచ్చు గులాబిరంగుతో నిండియుండియు లోన త్రుప్పు పట్టవచ్చును. మేకు ప్రయోగము చూపినది ఇదియే గదా! ఉప్పును కనిపెట్టుటకు పెచ్చు పొడిని స్వేదనజలములో కాచి, వడపోసి, కొద్దిగా సజల నత్రికామ్లము చేర్చి, ఆ పిదప సిల్వరు నైట్రేటు చుక్కలు వేయవలెను. తెల్లని అవక్షేపము వచ్చిన యెడల క్లోరైడు ఉన్నట్లే. సముద్రమునకు దూరమైన ఊరి పెచ్చుతో పోల్చి చూచుట మరింత బోధకరము. ఆమ్లమును ఉపాధ్యాయుడే వాడవలెను.

ముగింపు

పట్టిక తప్పు కాదు. శీతలదేశపు సలహాయు తప్పు కాదు. ఒక్కొక్కటి తన ప్రశ్నకు సరియైన జవాబే. ప్రశ్న మారినది తెలియక జవాబును మాత్రము మోసికొనివచ్చుటయే తప్పు. త్రుప్పు ఒక పాఠములోను, ఆమ్లక్షారములు మరొక పాఠములోను, నీటి వ్యాకోచము వేరొక పాఠములోను విద్యార్థి చదువును. ఆ మూడును కలిసి ఇంటి వాకిటిలోనే పెచ్చుగా ఊడిపడుచున్నవని అతడు గుర్తించిన నాడు ఆ చదువు ఇంటికి పనికివచ్చును. వాకిటిపై రెండవమారు పెట్టవలసిన ఖర్చును మిగులును.